మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు: నగరమునకు నీరు, మురుగునకు దారి

కంభము, గిద్దలూరు సీమలో మోక్షగుండ మను గ్రామము కలదు. విజయనగర ప్రభువుల కాలమున కట్టిన కంభము చెరువు ఆ సీమకు పేరు తెచ్చినది. కొన్ని తరములకు పూర్వము ఈ గ్రామమునుండి ఒక వైదిక కుటుంబము మైసూరు రాజ్యమునకు తరలిపోయి చిక్కబళ్ళాపురమునకు చేరువనున్న ముద్దేనహళ్ళిలో స్థిరపడినది. ఊరు మారినది గాని ఇంటిపేరు మారలేదు. ఇంట మాటలాడు భాషయు తెలుగుగనే నిలిచినది. ఆ కుటుంబమున పుట్టినవారే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. కన్నడిగులు తమవాడనియు, తెలుగువారు తమవాడనియు ఆయనను చెప్పుకొందురు. ఇద్దరి మాటయు నిజమే.

ఆయన జన్మదినము సెప్టెంబరు 15. సంవత్సరము కొన్ని గ్రంథములలో 1860 అనియు, కొన్నిటిలో 1861 అనియు కానవచ్చును. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మగారు. బాల్యముననే తండ్రి పరమపదించుటచే చదువునకు చిక్కులు కలిగెను. చిక్కబళ్ళాపురమున పాఠశాల చదువు ముగించి బెంగుళూరు చేరి, ఇతరుల పిల్లలకు పాఠములు చెప్పుచు ఆ రాబడితో తాను సెంట్రలు కాలేజీలో చదివి 1881లో బి.ఏ. పట్టము పొందిరి. మైసూరు ప్రభుత్వమువారి విద్యార్థి వేతనముతో పూనా వెళ్ళి, 1883లో ఇంజనీరింగు పరీక్షయందు ప్రథమ స్థానమున ఉత్తీర్ణులై, మరుసటి యేడు బొంబాయి ప్రభుత్వ మరామత్తు శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరిరి.

తొలి పది సంవత్సరములు నాసిక్, ఖాందేశ్, పూనా ప్రాంతములలో గడచినవి. దేశము గుర్తింపదగిన మొదటి పని 1894లో సింధు దేశమున లభించినది. సింధునదీ తీరమున సుక్కూరు పట్టణము కలదు. ఎదుట మహానది ప్రవహించుచున్నను త్రాగుటకు మంచినీరు లేదు. నదినీ రంతయు ఒండ్రుతో కలక బారియుండును. నీటిని వడపోయుటకు పెద్ద తొట్లు కట్టవలెనన్న పురపాలక సంఘమువద్ద ధనము లేదు. విశ్వేశ్వరయ్యగారు నదిగర్భముననే, ఒడ్డునకు దగ్గరగా, బావి త్రవ్వించిరి. ఇసుకనుండి ఊరి వచ్చిన నీరు తనంతట తానే తేటపడి బావిలో చేరును. ఆ నీటిని యంత్రముతో కొండమీది తొట్టికి తోడి, అక్కడినుండి గొట్టములద్వారా ఊరికి వదలిరి. ఏటి యిసుకలో చెలమ తీసి నీరు ముంచుకొనుట మన పల్లెల ఆడవారికి తెలియని విద్య గాదు. ఆ విద్యనే కొలతలు కట్టి, ఒక పట్టణమున కంతకును సరిపడునట్లు చేసిన ఘనత ఆ యువ ఇంజనీరునకు దక్కినది. 1895లో ఆ పని పూర్తియైనది.

తరువాత పూనా. ఆ నగరమునకును, దండు ప్రదేశమునకును, క్రింది కాలువ ఆయకట్టునకును ఖడక్‌వాస్లా వద్దనున్న ఫైఫ్ చెరువే ఆధారము. ప్రతియేట వానకాలమున మిగులునీరు కలుజుమీదుగా పొర్లిపోయెడిది. వేసవి రాగానే నీరు చాలదన్న కేక. ఆనకట్ట ఎత్తు పెంచిన దానిమీద భారము పెరిగి అపాయము కలుగవచ్చును. విశ్వేశ్వరయ్యగారు ఆనకట్ట జోలికి పోక, కలుజుపైన సుమారు ఎనిమిదడుగుల ఎత్తున తలుపుల వరుస నమర్చిరి. నీరు నిర్ణీత మట్టమును దాటగానే ప్రతిబరువుల సాయమున ఆ తలుపులు వాటంతట అవే తెరచుకొనును. వరద తీయగానే అవే మూసికొనును. కాపలావాడు నిద్రించినను చెరువు తెగదు. 1903లో ఈ తలుపులు పనికి వచ్చినవి. ఈ యుక్తికి పేటెంటు లభించినది గాని, తాను కొలువున్న ప్రభుత్వపు పనికి తాను రాయల్టీ పుచ్చుకొనుట తగదని ఆ ధనమును ఆయన స్వీకరింపలేదు.

ఇదే కాలమున ఆయన చేసిన మరియొక పని రైతులకు మిక్కిలి ఆసక్తి కలిగించునది. నీరా కాలువక్రింద తలవైపు గ్రామములవారు తమ పొలముల నన్నిటిని చెరకుతో నింపి నీటినంతయు వాడుకొనుచుండిరి. చివరి గ్రామములకు చుక్క అందకుండెను. తలవైపు భూములు అతినీటివలన చౌడుబారుచుండెను. తోకవైపు భూములు ఎండుచుండెను. విశ్వేశ్వరయ్యగారు ప్రతి గ్రామమునకును ఇంత భూమి యని ఒక మండలముగా ఏర్పరచి, అందులో మూడవవంతు మాత్రమే చెరకు వేయవలెననియు, తక్కిన భాగమున వరియు, తక్కువ నీటితో పండెడి పైరులును వేసి, మూడేండ్లకొక మారు మార్చుకొనవలెననియు 1899లో పద్ధతి నేర్పరచిరి. బ్లాకు పద్ధతి యని దీనికి పేరు. చెరకు రైతులు మొదట గట్టిగా ఎదిరించిరి. పత్రికలు సైతము విమర్శించినవి. ఆయన గ్రామములకు పోయి సభలు చేసి నచ్చజెప్పిరి. కాలువలో ఎంత నీరున్నదో లెక్కకట్టి, ఆ లెక్కకు లోబడి సేద్యపు విస్తీర్ణమును నిర్ణయించుట ఈ పద్ధతియొక్క ప్రాణము. పొలముల విషయమున అంగీకరింపబడిన ఈ సూత్రము నగరముల విషయమున ఎంత కష్టసాధ్యమో తరువాతి కథ తెలుపును.

కొంతకాలమునకు ఆయన బొంబాయి రాష్ట్రమునకు సానిటరీ ఇంజనీరు పదవిని నిర్వహించిరి. కొల్హాపురము, బెల్గాము, ధార్వాడ, బిజాపురము మొదలైన పట్టణములు నీటికొరకు ఆయన సలహా పొందినవి. 1906లో ప్రభుత్వము ఆయనను ఏడెను పంపెను. అది అరేబియా తీరమున ఓడలు బొగ్గు నింపుకొను రేవు; నాడు బొంబాయి ప్రభుత్వపు పాలనలో ఉండెను. అక్కడ వాన అరుదు; సముద్రజలమును కాచి ఆవిరిపట్టి త్రాగునీరు చేసికొను దుర్గతి. మురుగునకు దారి లేక రోగములు వ్యాపించుచుండెను. ఉత్తరమున లహెజ్ ప్రాంతపు నదీగర్భమున, దూరపు కొండలపై కురిసిన వాన యిసుకలో ఇంకి నిలిచియుండునని ఆయన కనుగొని, అక్కడ బావులు త్రవ్వి నీరు తేవచ్చునని నివేదిక సమర్పించిరి. నీటి పథకముతో కూడ మురుగు పథకమునుగూడ జోడించిరి. ఊరికి నీరు ఎక్కువ తెచ్చినకొలది మురుగు ఎక్కువగును. రెంటిలో ఒకటి చేసి రెండవది వాయిదా వేసిన ఊరు ఎండకు బదులు రోగమున నశించును. ఈ జంట లెక్క ఆయన పనులన్నిటను కనిపించును.

ఆనాడు చీఫ్ ఇంజనీరు పదవి భారతీయులకు అందునది కాదు. ఎంత సమర్థుడైనను తనకు పైమెట్టు లేదని గ్రహించి 1908లో ఆయన స్వచ్ఛందముగా కొలువు విడిచి విదేశయాత్రకు బయలుదేరిరి. ఇటలీలో నుండగా నిజాము ప్రభుత్వమునుండి తంతి వచ్చినది.

ఆ తంతికి కారణమైన విపత్తు హైదరాబాదు చరిత్రలో మరపురానిది. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరముమీద పడినది. పదునైదువేల మంది వరకు మరణించిరని అంచనా. వేలకొలది ఇండ్లు నేలమట్టమైనవి. అఫ్జల్ వంతెన, ముసల్లం జంగు వంతెన, చాదర్‌ఘాటు వంతెన దెబ్బతిన్నవి. కుతుబ్‌షాహీల నాటి పురానాపూల్ మాత్రము నిలిచినది. అఫ్జల్‌గంజు తోటలోని ఒక చింతచెట్టు కొమ్మలను పట్టుకొని సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆరవ నిజాము మహబూబ్ ఆలీఖాను రాజభవనపు ద్వారములు తెరచి నిరాశ్రయులకు అన్నము పెట్టించెను.

1909 ఏప్రిలులో విశ్వేశ్వరయ్యగారు హైదరాబాదు చేరిరి. వచ్చిన వెంటనే గోడలు కట్టించుమనలేదు. ముందుగా వరద ఎక్కడిదో తెలియవలెను. వానలెక్కలు సరిగా లభింపకుండెను. ఇతర ప్రాంతముల వానలెక్కలు తెప్పించి పోల్చి చూచిరి. నగరమునకు ఎగువన మూసీ, ఈసా నదుల పరీవాహక ప్రదేశమున 788 చెరువులున్నట్లు తేల్చిరి. అందు 221 చెరువులు ఆ వానకు తెగినవి. ఒక చెరువు తెగి దిగువ చెరువుమీద పడుట, రెండును కలిసి మూడవదానిని తెంచుట, ఆ విధముగ గొలుసుకట్టుగా నీరంతయు ఒక్కసారి నగరమును తాకుట జరిగినది. తెగిన చెరువులలో ఎక్కువ భాగము ఈసానది వైపునవి. పూర్వులు కట్టిన చెరువులు తప్పు గావు. అవి లేనిచో ఆ సీమకు బ్రతుకే లేదు. వాటి గట్లను బాగుచేయక విడిచిన నిర్లక్ష్యమునకు నగరము ఫలమనుభవించినది.

ఆయన యోచనలో నడిబొడ్డున నున్న విషయ మిది. నగరము మధ్యగా పోవు నది ఒక మితమైన ప్రవాహమును మాత్రమే ఒడ్డులు దాటకుండ మోయగలదు. ఆ మితికి మించినదంతయు ఎగువననే ఆగవలెను. ఆగిన నీటిని వరద తగ్గిన తరువాత మెల్లగా వదలవలెను. అందుకొరకు మూసీకి, ఈసాకు వేరువేరుగా రెండు జలాశయములు కట్టవలెనని 1909 అక్టోబరులో నివేదిక నిచ్చిరి. ఆ జలాశయములే నగరమునకు త్రాగునీటి నిధులుగను ఉపకరించును. అంతకుముందు నగరమునకు హుస్సేనుసాగరము, మీరాలము చెరువు ముఖ్యమైన ఆధారములు. 1901 జనాభా లెక్కలలో నగరవాసులు నాలుగున్నర లక్షల వరకుండిరి. నది కిరువైపుల ఒడ్డులు గట్టిపరచుట, వాటివెంట బాటలు, తోటలు ఏర్పరచుట, ఇరుకు పేటలను విశాలపరచుట నివేదికలోని తక్కిన భాగములు.

నివేదిక ఇచ్చిన యేడాదియే మైసూరు ప్రభుత్వము చీఫ్ ఇంజనీరుగా రమ్మని ఆహ్వానింపగా ఆయన వెడలిపోయిరి. 1911లో మహబూబ్ ఆలీఖాను మరణించెను. నగరమున ప్లేగు ప్రబలినది. ఏడవ నిజాము ఉస్మాను ఆలీఖాను 1912లో నగరాభివృద్ధి మండలి నేర్పరచెను. మూసీపై గండిపేటవద్ద ఉస్మానుసాగరము 1920లోను, ఈసాపై హిమాయతుసాగరము 1927లోను పూర్తియైనవి. మొదటిది నిండిన సుమారు 3.9 టి.ఎం.సి.లు, రెండవది సుమారు 3 టి.ఎం.సి.లు పట్టును, ఒక టి.ఎం.సి. యనగా నూరుకోట్ల ఘనపుటడుగులు. గండిపేట నీటిరుచి నగరవాసులకు సామెతయైనది. ఆ నీరు త్రాగినవాడు ఊరు విడువడని వాడుక.

నీటి భాగము ఈ విధముగ నెరవేరగా, మురుగు భాగము వెనుకబడినది. ఇందులో ఆశ్చర్యము లేదు. జలాశయమునకు రాజుగారి పేరు పెట్టవచ్చును, ప్రారంభోత్సవము చేయవచ్చును. నేలలో పూడ్చిన మురుగు గొట్టమునకు ఎవ్వరును తమ పేరు పెట్టుకొనరు. వీథికాలువలు, ఇంటి గుంటలు, దుర్గంధము యథాప్రకారమే యుండెను. ఆ కాలువలన్నియు మూసీలో కలియుచుండెను. పదమూడేండ్ల పిమ్మట, 1922లో, నిజాము ప్రభుత్వము విశ్వేశ్వరయ్యగారినే మరల పిలిపించెను. ప్రతి ఇంటిని గొట్టములతో కలుపనిచో ఎంత పెద్ద సొరంగము త్రవ్వినను ప్రయోజనము లేదని ఆయన పట్టు. తుదకు 1931లో భూగర్భ మురుగు కాలువల వ్యవస్థ పనిచేయ నారంభించినది. 54 చదరపు కిలోమీటర్ల వైశాల్యమునకు, 4,68,000 మంది జనమునకు సరిపడునట్లు అది ఏర్పడినది. ఈ రెండు అంకెలను పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

మైసూరులో ఆయన చేసిన పనులు లోకవిదితములు. 1909లో చీఫ్ ఇంజనీరు; 1912 మొదలు 1918 వరకు దివాను. దివాను పదవి స్వీకరించుటకు ముందు బంధువులను విందునకు పిలిచి, తనవద్దకు సిఫారసులతో రాబోమని మాట ఇచ్చిన పక్షముననే పదవి నంగీకరింతునని తెలిపిరట. కావేరిపై కృష్ణరాజసాగరము 1911లో మొదలై 1931లో ముగిసినది. మైసూరు బ్యాంకు 1913లోను, మైసూరు విశ్వవిద్యాలయము 1916లోను వెలసినవి. భద్రావతి ఇనుప కర్మాగారమునకు ఆయనయే ప్రాణము పోసిరి. వీటినిగూర్చి వేరు గ్రంథములు అనేకము కలవు గనుక ఇక్కడ విస్తరింప నవసరము లేదు. బెంగుళూరు నీటి సంగతి మాత్రము చెప్పక తప్పదు. హెసరఘట్ట చెరువు ఆ నగరమునకు చాలనందున, ఆయన అధ్యక్షతన ఏర్పడిన సంఘము అర్కావతి నదిపై తిప్పగొండనహళ్ళివద్ద జలాశయము కట్టవలెనని సిఫారసు చేసెను. 1933లో అది పూర్తియైనది. నగరము పెరిగి, అర్కావతి పరీవాహకమున ఇండ్లు, బావులు హెచ్చి, ఆ యేరు సన్నగిల్లినది. 1974 నుండి నూరు కిలోమీటర్ల దూరమునుండి కావేరి నీటిని ఎత్తునకు తోడి బెంగుళూరునకు పంపవలసి వచ్చినది.

ఆయన నడవడి కూడ ఆయన లెక్కలవలెనే నిక్కచ్చి. వచ్చెదనన్న నిమిషమునకు వచ్చెడివారు. మాటకు ముందు కాగితముపై అంకెలు వ్రాసికొని తెచ్చెడివారు. తలపాగయు, పొడవైన కోటును విడువక, తొంబదేండ్లు దాటినను కాలినడక మానలేదు. ప్రభుత్వపు పనికి ప్రభుత్వపు క్రొవ్వొత్తి, సొంత పనికి సొంత క్రొవ్వొత్తి వెలిగించెడివారని జనులు చెప్పుకొందురు. 1934లో దేశమునకు ప్రణాళికాబద్ధమైన ఆర్థిక విధానము కావలెనని గ్రంథము వ్రాసిరి. 1951లో స్వీయచరిత్ర ప్రకటించిరి. గంగానదిపై మొకామా వంతెనకు స్థలనిర్ణయము చేయు సంఘమునకు ఆయన అధ్యక్షత వహించునాటికి వయస్సు తొంబదికి పైబడినది. 1955లో భారతరత్న బిరుదము లభించినది. ఆ బిరుదము పుచ్చుకొన్నందున ప్రభుత్వమును పొగడుదునని తలపవలదని ప్రధానికి ముందే తెలియజేసిరని ప్రతీతి. 1962 ఏప్రిలులో బెంగుళూరున పరమపదించిరి. ముద్దేనహళ్ళిలో ఆయన సమాధి కలదు. ఆయన జన్మదినమును దేశమంతటను ఇంజనీర్ల దినముగా జరుపుకొందురు.

ఆయన వెడలిన పిదప హైదరాబాదు నీటికొరకు దూరదూరములకు చేతులు చాచినది. 1965లో మంజీరనుండి, 2004లో కృష్ణనుండి, 2015లో గోదావరినుండి నీరు వచ్చినది. కడపటి రెండును నూరు కిలోమీటర్లకు మించిన దూరమునుండి తోడి తెచ్చునవి. 2011 జనాభా లెక్కల ప్రకారము మహానగరపాలక సంస్థ పరిధిలో అరువదియేడు లక్షలకు పైగా జనులుండిరి. వైశాల్యము ఆరువందల చదరపు కిలోమీటర్లు దాటినది. 1931 నాటి గొట్టములు తలచిన జనముకన్న ఇది పదునాలుగురెట్లు. నీరు దూరమునుండి వచ్చెను గాని, దానితో పెరిగిన మురుగునకు సరిపడు దారి దానితోపాటు రాలేదు. చిన్న చెరువులు మురుగు గుంటలైనవి. హుస్సేనుసాగరము త్రాగునీటి చెరువన్న సంగతియే యువకులు ఎరుగరు.

జంట జలాశయముల ఎగువను కాపాడుటకు 1996 మార్చి 8వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 111వ సంఖ్యగల ఉత్తర్వు వెలువరించెను. జలాశయముల పూర్తి నీటిమట్టమునుండి పది కిలోమీటర్ల పరిధిలో కాలుష్యకరములగు పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, నివాస కాలనీలు నిషేధింపబడినవి. 84 గ్రామములు ఇందులో చేరినవి. నగరము ఈ వైపున ఇంతకుమించి పెరుగరాదని నీటిని కొలతగా పెట్టుకొని గీచిన గీత ఇది. కొద్దికాలమునకే ఒక కర్మాగారము విషయమై సుప్రీంకోర్టు కూడ జలాశయముల పక్షముననే తీర్పు చెప్పెను. అయినను ఆ గ్రామముల రైతుల మొరయు త్రోసిపుచ్చదగినది కాదు. గీతకు ఆవల ఎకరము కోట్లు పలుకగా ఈవలవారు తమ భూమిని ఇష్టానుసారము అమ్ముకొనలేకపోయిరి. నగరము త్రాగు నీటికి మూల్యము తామే ఏల చెల్లించవలెనని అడిగిరి. నీరా కాలువ తలవైపు చెరకు రైతులు అడిగిన ప్రశ్నకు ఇది దూరము కాదు. వారికి పంట మార్పిడి ద్వారా కొంత ప్రతిఫలము చూపబడినది. వీరికి తగిన ప్రతిఫల మెవ్వరును చూపలేదు. 2022 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము ఆ నిబంధనలను సడలించుచు 69వ సంఖ్యగల ఉత్తర్వు నిచ్చెను. జలాశయములు కలుషితము కానున్నవని ఒక పక్షము, ఇప్పుడు నగరము వాటిమీద అంతగా ఆధారపడియుండలేదని మరియొక పక్షము వాదించి న్యాయస్థానములకెక్కినవి.

ఆధారపడలేదన్నవారు విస్మరించినది ఒకటి కలదు. విశ్వేశ్వరయ్యగారి నివేదికలో ఆ జలాశయములకు మొదటి పని వరదను ఆపుట. త్రాగునీరు దానితో కలిసివచ్చిన లాభము. 2020 అక్టోబరులో కుండపోతగా వానకురియగా హిమాయతుసాగరపు తలుపులెత్తి నీటిని వదలవలసి వచ్చినది. ఎగువ ప్రదేశమున కాంక్రీటు పెరిగినకొలది వాననీరు ఇంకక త్వరగా పారివచ్చును. జలాశయపు పరిమాణము మాత్రము పెరుగలేదు.

మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చింతచెట్టు నేటికిని ఉన్నది. ఏటేట సెప్టెంబరు 28వ తేదీన కొందరు నగరవాసులు దానిక్రింద చేరి 1908 నాటి మృతులను స్మరింతురు.